వదిన చెయ్యి పట్టి రాయించిన సంతకం

నా మెడలో ఒక కార్డు ఉంటుంది. నీలం తాడు, ప్లాస్టిక్ తొడుగు, లోపల నా ఫోటో. ఫోటో కింద నా పేరు, దాని కింద 'పారిశుద్ధ్యం', ఇంకా కింద చిన్న అక్షరాల్లో 'అవుట్‌సోర్సింగ్' అని ఉంటాయి. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో రెండు వార్డులు తుడుస్తాను. అరసవల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఆదివారం పూట గుడికొచ్చే జనంతో ఆటోలు నిండిపోతాయి. పక్కన ఇరుక్కుని కూర్చున్నవాళ్ళు నా కార్డు చూసి, "గవర్నమెంటేటమ్మా?" అని అడుగుతారు. "కాదు, అవుట్‌సోర్సింగు" అంటాను. "అదైనా ఎవులికి దొరుకుతాది లెండి" అంటారు.

నిజమే. మావైపు ఆ మాటకున్న అర్థం అదే. హాస్టల్లో వంట, ఆసుపత్రిలో ఊడ్చే పని, ఆఫీసులో అటెండరు. పని సర్కారుది, మనిషి మాత్రం సర్కారు మనిషి కాదు. అయినా ఆ పని కోసం నాయకుల ఇళ్ళ ముందు పొద్దున్నే వెళ్ళి నిలబడేవాళ్ళను ఎంతోమందిని చూశాను.

ఆ మాటను నేను మొదటిసారి చదివింది ఈ కార్డు మీద కాదు. ఆరేళ్ళ కిందట పలాస వైపు ఒక జీడిపిక్కల షెడ్డులో, గోడకి అంటించిన నోటీసులో చదివాను. అక్షరం ఒక్కటి కూడా తప్పు చదవలేదు. అర్థం తప్పు చెప్పాను. దానివల్ల నాకు జరిగిన నష్టం ఎలాగో పూడింది. మా వదినకు జరిగింది పూడలేదు.

వదిన అంటే నాకు చుట్టం కాదు. షెడ్డులో ఇరవై ఏళ్ళు నా ఎడమ పక్క పీట మీద కూర్చున్న మనిషి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. భర్త పోయి చాలాకాలమైంది. మొదటి రోజే నన్ను "మరదలా, ఇలగ జరుగు, నీ మోకాలు నా మోకాలికి తగుల్తన్నాది" అంది. అప్పటినుంచి ఆమె నాకు వదిన, నేను ఆమెకు మరదలు.

మా పని పిక్కలు కొట్టడం. ఉడికించి ఆరబెట్టిన జీడిపిక్కను ఒక చేత్తో నిలబెట్టి పట్టుకుని, రెండో చేత్తో కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యాలి. దెబ్బ ఎక్కువైతే పప్పు ముక్కలవుతుంది, తక్కువైతే పెంకు పగలదు. గుండుగా వచ్చిన పప్పుకి విలువ, బద్దకి కొంచెం తక్కువ, ముక్కకి మరీ తక్కువ. పెంకులోంచి నల్లటి జీడి కారుతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా అది వేళ్ళను కాలుస్తుంది. చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. కొన్నేళ్ళు పోయాక వేలి కొసల మీద గీతలు ఉండవు. సబ్బు అరిగినట్టు నున్నగా అయిపోతాయి.

ఈ పని మాకు నేర్పింది కేరళ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. షావుకారు ఆమెను మూడు నెలలకని తీసుకొచ్చాడు. ఆమెకు తెలుగు సరిగ్గా రాదు. పిక్కని ఎలా నిలబెట్టాలో నా వేళ్ళు పట్టుకుని చూపించేది. ఆమె వేళ్ళూ నున్నగానే ఉండేవి. ఒకరోజు భోజనాల దగ్గర వదిన ఆమెను అడిగింది. "ఏటమ్మా, మీ ఊర్ల ఇన్ని షెడ్లున్నాయంటారు, అవొగ్గేసి ఇక్కడికొచ్చినావేటి?"

ఆమె వచ్చీరాని తెలుగులో చెప్పింది. "అక్కడ షెడ్డు మూసింది. మాకు కూలి ఎక్కువ. మీకు తక్కువ. పిక్క ఇక్కడికి వచ్చింది. పిక్క వెనక నేను వచ్చింది."

మేము పడీపడీ నవ్వాం. పిక్క వెనక మనిషి రావడమేమిటని నెలరోజులు అదే మాట చెప్పుకుని నవ్వాం. ఆమె కూడా మాతో నవ్వింది గాని, నవ్వుతూనే పళ్ళెం కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమెను ఇంకో ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను. మీ పక్క పీట మీద కూర్చున్నావిడ ఏమయింది అని.

వేలి గీతలు పోతే ఏమవుతుందిలే అని చాలాకాలం పట్టించుకోలేదు. రేషను డిపోలోకి వేలిముద్ర మిషను వచ్చాక తెలిసింది. వదిన బొటనవేలు పెడితే మిషను పలికేది కాదు. చూపుడువేలు పెట్టమనేవారు. ఎడమచెయ్యి అనేవారు. కొబ్బరినూనె రాసి తుడిచి పెట్టమనేవారు. వెనక లైను గొణిగేది. వితంతు పింఛను ఇచ్చేరోజూ ఇదే గొడవ. "నా పేరు నానే సెప్తన్నాను, నా మొకం నీ ఎదట ఉన్నాది, ఇంక నా ఏలెందుకయ్యా?" అని ఆమె కోప్పడేది. ఇంకోరోజు రమ్మనేవారు. ఇంకోరోజు వెళ్తే ఒకపూట పని పోయేది.

షెడ్డుకి అప్పుడప్పుడూ వచ్చే డాక్టరు వదినకు చెప్పాడు. జీడి తగలని పనికి మారితే ఆర్నెల్లలో చర్మం కుదురుకుంటుంది, గీతలు కూడా తిరిగొస్తాయి అని. షెడ్డులో జీడి తగలని పని ఒక్కటే, ప్యాకింగు. పప్పును డబ్బాల్లో నింపి మూత వెయ్యడం. స్టూలు మీద కూర్చోవచ్చు, నెత్తిమీద ఫ్యాను ఉంటుంది, చేతికి తొడుగులిస్తారు. వదిన గుమస్తాను ప్యాకింగుకి మార్చమని రెండేళ్ళు అడిగింది. గుమస్తా మంచివాడే. "చోటు వచ్చినప్పుడు మొదటి పేరు నీదే పిన్నీ" అని మాటిచ్చాడు. ఆ చోటు కోసమే ఆమె ఎదురుచూసేది. పని చేస్తూ చేస్తూ బొటనవేలును మొహం దగ్గర పెట్టుకుని చూసుకునేది, గీత ఏమైనా మొలిచిందా అని.

నా వేలు కూడా పలికేది కాదు. బ్యాంకులో ఒకాయన విసుక్కుని, "సంతకం నేర్చుకోవచ్చు కదమ్మా" అన్నాడు. ఆ మాట పట్టుకుని అక్షరాల దగ్గరికి వెళ్ళాను. అప్పటికి నాకు నలభై ఐదు దాటాయి. మా వీధి చివర బాప్టిస్టు చర్చి ఉంది. బడిలో పనిచేసి రిటైరైన ఒక టీచరమ్మ ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో పెద్దవాళ్ళకి చదువు చెప్పేవారు. మేము ఆ మతం వాళ్ళం కాకపోయినా వచ్చి కూర్చోమన్నారు. మొదట నా పేరు, తర్వాత ఊరి పేరు, తర్వాత గుణింతాలు. ఒత్తులు నాకు చాలాకాలం లొంగలేదు. రెండో ఏడు చివరికి బస్సు బోర్డులు, మందు చీటీల మీద తెలుగు, పెళ్ళి పత్రికలు చదవగలిగాను. గోడల మీద రాతలన్నీ చదివేదాన్ని. వద్దనుకున్నా కళ్ళు చదివేసేవి.

వదినను రమ్మని ఎన్నిసార్లో పిలిచాను. "నువ్వు సదివితే నాను సదివినట్టే" అనేది.

షెడ్డులో నాకు కొత్త గౌరవం వచ్చింది. పప్పు తూకం చీటీ, ఆసుపత్రి కాగితం, బడినుంచి పిల్లలు తెచ్చిన కాగితం, ఏదొచ్చినా నా దగ్గరికే. ఒక ముసలామె ఉండేది, అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె మాత్రం నన్ను "సదువులమ్మ" అని ఎగతాళి చేసేది. ఎగతాళైనా నాకు బాగానే ఉండేది. నలభై ఐదేళ్ళు ఎవరో చదివితే విన్నదాన్ని, ఇప్పుడు నేను చదివితే నలుగురు వింటున్నారు. ఆ రుచి ఎలాంటిదో చెప్పలేను. ఆ రుచే నన్ను ముంచింది.

ఒక గురువారం గోడ మీద నోటీసు అంటించారు. శనివారం సాయంత్రంలోగా అందరూ సంతకాలు పెట్టాలని గుమస్తా చెప్పాడు. కాగితంలో ప్రతి పేరు పక్కనా రెండు గడులు గీసి ఉన్నాయి. అందరూ సుత్తులు దించి నా చుట్టూ చేరారు. వదిన నా భుజం పక్కనే నిలబడింది. నేను వేలు పెట్టి ఒక్కో మాటా పైకి చదివాను.

"పిక్కలు కొట్టు విభాగపు పనిని అవుట్‌సోర్సింగ్‌కు ఇచ్చుటకు నిర్ణయించడమైనది. స్వచ్ఛందంగా విరమించుకొనువారు మొదటి గడిలోను, ప్యాకింగ్ విభాగమునకు మారదలచినవారు రెండవ గడిలోను సంతకము చేయవలెను."

చదవడం అయింది. తర్వాత వెనకనుంచి ఎవరో, "అంటే ఏటే?" అన్నారు.

నాకు తెలియని మాటలు అందులో రెండున్నాయి. 'స్వచ్ఛందంగా', 'విరమించుకొను'. నా వేలు ఆ మాటల కింద ఆగింది. కాని 'అవుట్‌సోర్సింగ్' నాకు తెలుసు. తెలుసనుకున్నాను. 'స్వచ్ఛ' అన్న ముక్కా తెలుసు. చెత్తబండి మీద, మునిసిపాలిటీ గోడల మీద, పెద్ద పెద్ద అక్షరాలతో అదే కదా రాసి ఉండేది. స్వచ్ఛ అంటే ఊడవడం, శుభ్రం చెయ్యడం. మునిసిపాలిటీలో ఊడ్చేవాళ్ళంతా అవుట్‌సోర్సింగే. రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి. నా బుర్రలో అవి టక్కున అతుక్కున్నాయి.

"మన పనిని అవుట్‌సోర్సింగుకి మారుస్తన్నారే" అన్నాను. "ఊడిసే పని. మునిసిపాలిటీలోనో, ఆసుపత్రిలోనో. కావాలనుకున్నోళ్ళు మొదటి గడిలో పెట్టాల. వద్దనుకుంటే రెండోది, ప్యాకింగు."

"ఓలమ్మో! అవుట్‌సోర్సింగే!" అని ఒకామె చేతులు చరిచింది. "మెడల కార్డేస్తారు గావాల!"

"కార్డేటి, బూట్లు కూడా ఇస్తారంట" అని ఇంకొకామె అంది. "మా ఆయన సూత్తే మూర్ఛపోతాడు."

పెద్దమ్మ మాత్రం నోటీసు దగ్గరికొచ్చి, అక్షరం ముక్క రాకపోయినా దాన్ని కిందికీ పైకీ చూసింది. "ఒసే సదువులమ్మా, షావుకారు మన పని తీసీసి మనకి సర్కారు పనెందుకిప్పిస్తాడే? ఆడేటి, కలెక్టరా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నా మీదో ఆమె మీదో తెలియలేదు. నాకు రోషం వచ్చింది. "కాగితంలో ఉన్నది సదివాను పెద్దమ్మా. నీకు నమ్మకం లేపోతే నువ్వు సదువుకో" అన్నాను. చదువు రాని మనిషిని ఆ మాట అన్నాను. మూడేళ్ళ కిందటి దాకా ఆ మాట నన్ను ఎవరైనా అంటే నేను ఏడ్చేదాన్ని.

"నాను రెండో గడిలోనే పెడతాను. తెలీని కుర్సీ కంటే తెలిసిన స్టూలు మేలు" అని ఆమె వెళ్ళిపోయింది.

అప్పుడు గుమస్తా గది నుంచి బయటికొచ్చి, "అందరికీ అర్థమైందా? ఏమైనా అడగాలా?" అన్నాడు. వాకిలి దగ్గరే నిలబడి అడిగాడు. నేను అడగవచ్చు. ఆ రెండు మాటలకీ అర్థం చెప్పు బాబూ అంటే సరిపోయేది. వెనక ఇంతమంది నన్ను చూస్తున్నారు. "అయింది బాబూ" అన్నాను.

ఆ తర్వాత కూడా రెండు రోజులున్నాయి. టీచరమ్మ ఇల్లు షెడ్డుకి పావుగంట నడక. వెళ్ళలేదు. వెళ్ళాలని తోచనేలేదు అంటే అబద్ధం. తోచింది. మాట తెలియక వచ్చానని ఆమెకు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. నెల కిందటే ఆమె నన్ను అందరి ముందూ నిలబెట్టి, "ఈమె ఇక నా దగ్గర నేర్చుకునేది తక్కువే" అని మెచ్చుకున్నారు.

శనివారం వదిన నా దగ్గరికొచ్చింది. ఆమెకు రెండు మనసులు. "మరదలా, నాను ప్యాకింగు కోసరం రెండేళ్ళ బట్టి అడుగుతన్నాను. ఇప్పుడు సోటొచ్చింది. ఏటి సేయమంటావు?"

"ప్యాకింగులో ఎన్నాళ్ళుంటావు వదినా? అదీ షావుకారు కిందే. ఇదైతే కార్డుంటాది. చేతికి జీడి కూడా తగలదు. చీపురే కదా. నీ గీతలు అక్కడైనా వస్తాయి" అన్నాను.

"అలగంటావా?"

"నాను పెడతన్నాను మొదటి గడిలో. నువ్వు నా పక్క లేపోతే నాకెలగ?"

ఈ చివరి మాట నిజం. కొత్త చోటికి ఒక్కదాన్ని వెళ్ళాలంటే నాకు భయమేసింది. ఆమె మంచి కోసమే చెప్పానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇది కూడా ఉంది అందులో.

వదిన బొటనవేలు సిరా మెత్త మీద అద్ది కాగితం మీద ఒత్తితే నల్లటి మచ్చ పడింది. గీత ఒక్కటీ లేదు. "ఇది చెల్లదు పిన్నీ, సంతకం కావాలి" అన్నాడు గుమస్తా. "నువ్వు ప్యాకింగు అడిగావు కదా, మొదటి గడి ఏమిటి?" అని కూడా అన్నాడు. వదిన నావైపు చూసింది. నేను, "ఆలోసించుకున్నాది బాబూ" అన్నాను. ఆయన కాగితం మావైపు తిప్పి పెట్టాడు.

ఆమె వేళ్ళ మధ్య పెన్ను పెట్టి, ఆమె చేతిని నా చేత్తో పట్టుకుని, మూడు అక్షరాల పేరు మొదటి గడిలో రాయించాను. కేరళావిడ నా వేళ్ళు పట్టుకుని పిక్క నిలబెట్టడం నేర్పినట్టే. రాయడం అయ్యాక వదిన ఆ అక్షరాలను చూసి, "ఇదేనా నా పేరు? ఎంత సిన్నదే!" అని మురిసింది.

తర్వాతి నెల మొదటి తారీఖున మొదటి గడిలో పెట్టినవాళ్ళందరం మంచి చీరలు కట్టుకుని షెడ్డుకి వెళ్ళాం. కొందరు తలలో పూలు కూడా పెట్టుకున్నారు. "ఎక్కడికెల్లాలి బాబూ, కార్డులు ఎవులిస్తారు?" అని గుమస్తాను అడిగాం. ఆయన మొదట నవ్వాడు. హాస్యం అనుకున్నాడు. మా మొహాలు చూసి నవ్వు ఆపేశాడు.

"అవుట్ అంటే బయట. బయటికి వెళ్ళేది పని. మీరు కాదు" అన్నాడు.

"పనెక్కడికెల్తాది?"

"వియత్నాం."

"అదెక్కడ? ఒడిశా అవతలా?" అని ఒకామె అడిగింది. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి కడుపుబ్బ నవ్వేవాళ్ళం.

గుమస్తా మమ్మల్ని కసరలేదు. బెంచీ మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "పిక్క ఆఫ్రికా నుంచి ఓడ మీద వస్తుంది. మన ఊరి పిక్క చాలదు. అక్కడ దాన్ని మిషన్లు కొడతాయి. మీరంతా కలిసి వారం కొట్టేది అవి ఒక పూటలో కొడతాయి. పప్పు చవగ్గా వస్తుంది. ఇక్కడ మనం కొట్టిన పప్పుకి ధర ఎక్కువైతే మిఠాయి కొట్టువాడు కొనడు. కొనకపోతే ప్యాకింగు కూడా మూతపడుతుంది. కొట్టడం అక్కడికి పంపితే కనీసం ప్యాకింగు నిలుస్తుంది. షావుకారు చూసుకున్న లెక్క అది."

"మరి మేమేటవ్వాల?"

ఆయన నావైపు తిరిగాడు. "మీ ఇంట్లో ఇడ్లీకి రుబ్బు ఎవరు రుబ్బుతారు?"

"వీధిలో ఒకావిడ గ్రైండరు పెట్టింది. ఆవిడ దగ్గర కొంటన్నాను."

"మీ రోలు?"

"పెరట్ల ఉన్నాది."

"అంతే మరి" అన్నాడు. అన్నాక ఆ మాట తనకే బాగులేనట్టు తల దించుకున్నాడు.

మొదటి గడి కాగితాలు అప్పటికే పైకి వెళ్ళిపోయాయి. ప్యాకింగులో ఖాళీలు మరి లేవు. వదిన చోటు ఎవరో కొత్తమ్మాయికి ఇచ్చేశారు. పెద్దమ్మ మాత్రం స్టూలు మీద కూర్చుని, చేతి తొడుగులతో, డబ్బాకి మూత వేస్తూ కనబడింది. మమ్మల్ని చూసి ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. మొహం తిప్పుకుంది.

బయటికొచ్చాక ఆడవాళ్ళంతా గుమస్తాను తిట్టారు. కాగితంలో ఒకటి రాసి ఇంకొకటి చేశాడన్నారు. మోసగాడన్నారు. నేను పక్కనే ఉన్నాను. కాగితంలో ఉన్నదే చేశాడు, తప్పు చెప్పింది నేను అని ఒక్కమాట అనలేదు. వదిన కూడా వాళ్ళతో కలిసి ఒక తిట్టు తిట్టింది. నేను తలూపాను కూడా.

ఆ ఆదివారం టీచరమ్మ దగ్గరికి వెళ్ళి ఆ రెండు మాటలూ పలక మీద రాసి చూపించాను. "స్వచ్ఛందంగా అంటే తన ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా. విరమించుకోవడం అంటే మానేయడం" అని చెప్పారు. ఎందుకడిగానో కూడా చెప్పాను. "నా ఇల్లు పావుగంట దూరమే కదే" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మా ఇష్టంతో. ఎవరి బలవంతమూ లేకుండా.

ఏడాది తిరిగాక కూతురు నన్ను అరసవల్లి తీసుకొచ్చేసింది. ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళు కావాలన్నారు. వార్డు నంబర్లు, మందు సీసాల పేర్లు చదవగలిగినవాళ్ళయితే మంచిదన్నారు. అలా నాకు దొరికింది. నేను అందరికీ చెప్పిన ఉద్యోగం చివరికి నాకొక్కదానికే వచ్చింది. వదిన ఊళ్ళోనే ఉండిపోయింది. నాట్లకీ కోతలకీ వెళ్ళేది. ఎండాకాలం ఉపాధి పనికి గునపం పట్టేది. రెండేళ్ళకే మోకాళ్ళు పట్టేశాయి. స్టూలు మీద కూర్చోవలసిన మనిషి బురదలో నడుం వంచింది.

షావుకారు లెక్క తప్పని నేను అనలేను. చాలా ఆలోచించాను. కేరళావిడ పీట ఖాళీ అయితే కదా నాకు పీట దొరికింది. పిక్క వెనక ఆమె వచ్చినప్పుడు మేము నవ్వాం. చవగ్గా చేసే చోటికి పని వెళ్ళడం తప్పయితే, ఆ ఇరవై ఏళ్ళ నా తిండి తప్పే. ఆ వియత్నాంలో మిషను దగ్గర నిలబడే ఆడమనిషి ఎవరో, ఆమె వేళ్ళకి జీడి అంటదు గదా అని ఒక్కోసారి అనుకుంటాను. అది నిజమైతే మంచిదే. మా వేళ్ళను తినేసిన పని అది. అది పోయిందని ఏడవాలో, మాకు ఇంకో పని ఇవ్వకుండా పోయిందని ఏడవాలో నాకు తేలదు. నా బాధ దాని గురించి కాదు. పని వెళ్ళేది ఎలాగూ వెళ్ళేదే. పోతూ పోతూ అది వదినకొక స్టూలు వదిలి వెళ్ళింది. ఆ స్టూలు నేను తీసేశాను.

మొన్న సెలవు దొరికితే ఆమెను చూడ్డానికి వెళ్ళాను. కార్డును జాకెట్టులో దాచుకుని వెళ్ళాను. కూర్చోగానే నా మెడ దగ్గర నీలం తాడు ఆమె కంటపడింది.

"తియ్యి, సూస్తాను."

తీసి ఇచ్చాను. ఫోటో చూసి, "బాగా పడ్డావే" అంది. తర్వాత అక్షరాల మీద వేలు పెట్టి, "ఇందల ఆ మాటెక్కడుంది?" అని అడిగింది. చూపించాను.

"ఇంత పొడుగు మాటా!"

అప్పుడు చెప్పాను. ఆరేళ్ళు ఆలస్యంగా చెప్పాను. గుమస్తా మోసం చెయ్యలేదని, రెండు మాటలు నాకు తెలియక ఊహించి చెప్పానని, అడగడానికి సిగ్గుపడ్డానని. ఆమె కార్డును అటూ ఇటూ తిప్పుతూ వింది.

"నీ ఏలు ఆగినాది" అంది.

"ఏటి?"

"కాయితం మీద. గడగడా ఎల్తన్న ఏలు ఒక కాడ ఆగినాది. సూసినాను. దీనికి తెలీలేదు గావాల అనుకున్నాను."

"మరి అప్పుడే అడగలేదేటి వదినా?"

"కార్డంటే నాకూ ఆశ పుట్టింది. అడిగితే కాదంటావేమోనని అడగనేదు." కార్డు తిరిగి నా చేతిలో పెట్టి, "అయినా సదివినదానివి నువ్వు కదే" అంది. గొంతు పెంచలేదు.

ఆమెను ఆ మధ్యాహ్నం ఊళ్ళో గ్రామ సచివాలయానికి తీసుకెళ్ళాలి. పింఛనుకేదో కాగితం మళ్ళీ రాయించాలట. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా నడిచింది. అక్కడున్న అమ్మాయి కాగితం నింపి, "సంతకం పెడతావా మామ్మా, వేలిముద్ర వేస్తావా?" అంది.

అలవాటు కొద్దీ పెన్ను నేను అందుకున్నాను. రెండో చెయ్యి వదిన చేతికోసం చాచాను.

"ఒద్దులేయే" అంది వదిన. బొటనవేలును చీర చెంగుతో తుడుచుకుని మిషను మీద పెట్టింది. అది ఒక్కసారికే కుయ్యిమంది. ఆ వేలును వెలుతురులో నాకు చూపించింది. కొసన గీతలున్నాయి. సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, కొత్తగా దున్నిన మడిలాగా.

"పని పోనాక ఇది ఒచ్చీసింది" అంది. "ఇంక నాది నానే ఏసుకుంటాను."

పెన్ను బల్ల మీద పెట్టేశాను. చాచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక మెళ్ళో కార్డు సరిచేసుకున్నాను.